తెలుగును దొంగ అనుకున్న యాంటీవైరస్

మా మొదటి కంప్యూటర్ పూలబండిలో వచ్చింది. చిన్న మంగళారంలో మాకున్న ఎకరన్నరలో మా ఆయన బంతి, చామంతి వేసేవాడు. ఒకరోజు మార్కెట్‌లో పూలు దించి, తిరిగొచ్చేటప్పుడు ఖాళీ ట్రాలీ ఆటోలో దాన్ని వేసుకొచ్చాడు. నగరంలో ఏదో కంపెనీవాళ్లు పాత కంప్యూటర్లన్నీ తీసేసి కొత్తవి పెట్టుకుంటుంటే, తెలిసినాయన ఒకటి ఇప్పించాడట. మొయినాబాద్‌లో మా ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన బల్ల వేసి పెట్టాం. మొదటి వారమంతా లోపల ఫ్యాను తిరిగినప్పుడల్లా వెనక సందుల్లోంచి ఎండిన చామంతి రేకులు ఎగిరిపడేవి.

అది నా కోసమే తెచ్చాడు. పెళ్లికి ముందు నేను చేవెళ్లలో తెలుగు టైపు నేర్చుకున్నాను. హయ్యర్ పరీక్ష కూడా పాసయ్యాను. తీరా సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి టైపు మిషన్ల పనే అయిపోయింది. పెళ్లయి అత్తగారింటికి వచ్చాక పూలు తెంపడం, మూటలు కట్టడం తప్ప వేళ్లకు వేరే పని లేకుండా పోయింది. చేవెళ్లలో ప్రింటింగ్ ప్రెస్సు నడిపే ఒకాయన మా బాపుకు పరిచయం. నేనాయన్ని అన్నా అనేదాన్ని. ఒక పెళ్లిలో కలిసినప్పుడు ఆయనే కదిలించాడు.

"కంప్యూటర్ల తెలుగు కొట్టెటోళ్లు దొరుకుతలేరు చెల్లె. నువ్వు కొడ్తనంటె పెండ్లికార్డులన్నీ నీకే ఇస్త. ఇంట్ల కూసోనే కొట్టు."

అట్లా మొదలైంది. తెలుగు అక్షరాలూ, వాటిని కొట్టే కీబోర్డు ప్రోగ్రామూ ఆ అన్నే ఒక సీడీలో ఇచ్చాడు. పాత టైపు మిషన్ మీద ఏ అక్షరం ఎక్కడుండేదో ఆ ప్రోగ్రాంలోనూ అక్కడే ఉండేది. ఏళ్ల తరబడి వాడకపోయినా నా వేళ్లు 'క'ను వెతుక్కోకుండానే పట్టుకున్నాయి. ఆ మొదటి రోజు ఊరికే నాకు తెలిసినవాళ్ల పేర్లన్నీ కొట్టుకుంటూ కూర్చున్నాను.

హైదరాబాద్ చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేస్తున్న రోజులవి. మా రోడ్డు పొడుగునా ప్లాట్ల బోర్డులు వెలిశాయి. నేను కొట్టే కార్డుల్లో పెళ్లికొడుకు పేరు కింద మూడింట ఒకటికి 'సాఫ్ట్‌వేర్ ఇంజినీర్' అని ఉండేది. ఆ మాట ఎన్నిసార్లు కొట్టానో గానీ, సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో మాత్రం నాకు తెలియదు. కార్డు తయారుకాగానే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బస్సెక్కి చేవెళ్ల పోయి ప్రెస్సులో ఇచ్చేదాన్ని. వాళ్లు కొత్త కార్డుల వివరాలు అదే పెన్‌డ్రైవ్‌లో వేసి పంపేవాళ్లు.

మా పై అంతస్తులో భార్యాభర్తలు కిరాయికి ఉండేవాళ్లు. తెనాలి దగ్గరి పల్లె వాళ్లది. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఆమెకు నాకంటే నాలుగైదేళ్లు తక్కువుంటాయి. పొద్దున ఎనిమిదింటికి కంపెనీ కారు సందు మొదట్లో ఆగేది. ఆమె మెడలో కార్డు వేసుకుని గబగబా మెట్లు దిగి వెళ్లిపోయేది. నేనామెను మేడం అనేదాన్ని. ఆమె నన్ను 'అండి' అనేది. అంతకు మించి మాటల్లేవు. నిజానికి మాటలు లేకుండా చేసింది నేనే.

ఒక ఎండాకాలం బోరు తగ్గింది. పైన వాషింగ్ మిషన్ తిరుగుతున్న చప్పుడు విని నాకు ఒళ్లు మండింది. వాకిట్లో బట్టలు పిండుతున్న అత్తమ్మతో గట్టిగానే అన్నాను.

"పైనోళ్లకు నీళ్ల విలువ ఏం తెలుస్తది? కాలువల పొంటి పుట్టినోళ్లు గద."

తలెత్తి చూస్తే పైనామె మెట్ల మీద చెత్తబుట్ట పట్టుకుని నిలబడి ఉంది. చెత్త పారబోసి, తల దించుకుని పైకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి వాషింగ్ మిషన్ వారానికి ఒక్కసారే తిరిగింది. ఆమె ఎదురుపడితే నాకు ముఖం చెల్లేది కాదు. క్షమించమని అడగాలనీ ఉండేది, అడగడానికి నోరూ వచ్చేది కాదు.

మరుసటి మాఘమాసంలో, ముహూర్తాలన్నీ ఒక్కసారి వచ్చిపడిన వేళ, కంప్యూటర్ పాడైంది. పూర్తిగా ఆగిపోలేదు, వింతగా ప్రవర్తించింది. ప్రతి ఫోల్డర్ లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డర్ పుట్టుకొచ్చేది. దాన్ని నొక్కితే ఏమీ తెరుచుకోదు, కానీ ఇంకా రెండు పుడతాయి. నేనే ఏదో తప్పు నొక్కి ఉంటాననుకుని పుట్టినవన్నీ తుడిచేస్తూ పోయాను. ఆ మధ్యాహ్నం ప్రెస్సు నుంచి అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, నీ పెన్‌డ్రైవ్ పెట్టినకాన్నుంచి మా సిస్టమ్‌లన్నీ ఆగమైనయి. వైరస్ ఉన్నదంట. ఇది నీకాడ పుట్టిందో, మాకాడి నుంచే నీకొచ్చిందో ఎవలకు తెల్సు? కోపం లేదు నాకు. గాని యాంటీవైరస్ ఏయించేదాక పెన్‌డ్రైవ్ పట్కరాకు తల్లీ."

కోపం లేదన్నాడు గానీ నాకు చచ్చేంత సిగ్గేసింది. చేవెళ్లలో ఒక కంప్యూటర్ల షాపుకు పోయాను. అతను ఒక తెల్ల సీడీ మీద స్కెచ్ పెన్‌తో ఏదో గీకి ఇచ్చాడు. ఇంటికొచ్చి అది వేశాను. అది కంప్యూటర్‌ను కొంచెం నెమ్మది చేసిందే తప్ప ఫోల్డర్లు పుట్టడం ఆగలేదు. మర్నాడు ఫోన్ లైన్ నెట్ పెట్టగానే స్క్రీన్ మధ్యలో ఎర్రటి పెట్టె ఒకటి వచ్చింది. మీ కంప్యూటర్‌లో వందల వైరస్‌లు ఉన్నాయి, వెంటనే ఇక్కడ నొక్కండి అని ఇంగ్లీషులో. నేను వెంటనే నొక్కాను. అదీ లోపలికి వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రానికి మౌసు జరిపితే బాణం గుర్తు కదలడానికి కూడా ఓపిక పట్టాల్సి వచ్చింది.

నేను బల్ల ముందు తల పట్టుకుని కూర్చుంటే అత్తమ్మ వచ్చి నిలబడింది.

"ఏమైందే దానికి?"

"రోగమొచ్చిందత్తమ్మా. మందులేదో ఎయ్యాల్నంట. ఏ మందో ఎవరికి తెల్సు?"

"మీద ఆ పిల్ల దినాం కంప్యూటర్ల పనికే గద పోతది? అడుగరాదు?"

"ఏ మొకం పెట్టుకొని అడగాలె?"

అత్తమ్మ పెరట్లో గోంగూర ఇంత కోసి కొంగులో వేసుకుని మెట్లెక్కింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. వాళ్లు కిరాయికి వచ్చాక అప్పటిదాకా ఒక్కసారి కూడా పైకి పోలేదు. ఆ ముసలామె ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి ఎక్కుతుంటే చూస్తూ కూర్చున్నందుకు ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను. పావుగంట తర్వాత దిగొచ్చి, "రేపు శనివారం గద, పొద్దుగాల ఒస్తనన్నది. నన్ను పిన్నిగారూ అన్నది పిల్ల" అంది, ముఖమంతా నవ్వుతో.

అన్నట్టే వచ్చింది. చేతిలో ఒక నోటుబుక్కు, పెన్ను. కుర్చీలో కూర్చునే ముందే ఒక మాట చెప్పింది.

"ముందే చెప్తున్నానండీ, నాకు యాంటీవైరస్‌ల గురించి పెద్దగా తెలీదు. నేను చేసేది టెస్టింగ్. వాళ్లు తయారుచేసినవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటం. ఆఫీసులో యాంటీవైరస్ వాళ్లే వేసేస్తారు, మమ్మల్ని ముట్టుకోనివ్వరు. కాబట్టి మీతోపాటే నేనూ తెలుసుకోవాలి."

పెద్ద కంపెనీలో ఉద్యోగం చేసే మనిషి 'నాకు తెలీదు' అని అంత తేలిగ్గా అనడం నాకు కొత్త. షాపు అతను అన్నీ తెలిసినట్టే మాట్లాడాడు. ఎర్రపెట్టె కూడా అన్నీ తెలిసినట్టే బెదిరించింది.

ఆమె కంప్యూటర్ జోలికి వెంటనే పోలేదు. ముందు నన్ను ప్రశ్నలు అడిగింది. రోజూ ఏమేం చేస్తారు? పెన్‌డ్రైవ్ ఎక్కడెక్కడ పెడతారు? నెట్ ఎంతసేపు వాడతారు? బ్యాంకు పనులు ఇందులో చేస్తారా? కరెంటు ఎన్నిసార్లు పోతుంది? నేను చెప్పినదల్లా నోటుబుక్కులో రాసుకుంది. దవాఖానలో డాక్టరమ్మ అడిగినట్టే అడిగింది, కాకపోతే తొందర లేకుండా.

"మీకు ప్రమాదం అంతా పెన్‌డ్రైవ్ నుంచేనండీ. నెట్ మీరు వాడేది తక్కువ. మిషను పాతది, మెమరీ చాలా కొంచెం. కాబట్టి మనకు కావలసింది మూడు. తేలిగ్గా ఉండాలి. పెన్‌డ్రైవ్ పెట్టగానే అదే చూడాలి. నెమ్మది నెట్ మీద కూడా అప్‌డేట్ అవ్వాలి. అన్నింటికంటే ముందు ఈ రెండింటినీ తీసేయాలి."

"రెండుంటె ఇంక మంచిది గాదా మేడం?"

"రెండు యాంటీవైరస్‌లు ఒకచోట ఉంటే ఒకదాన్ని చూసి ఇంకోటి వైరస్ అనుకుంటుంది. వాటి గొడవతోనే మీ మిషను సగం ఆగిపోయింది. ఆ ఎర్రపెట్టె ఉంది చూశారూ, అది అసలు యాంటీవైరసే కాదు. అదే వైరస్."

నేనే తలుపు తీసి లోపలికి పిలిచానన్నమాట. ఆమె నవ్వలేదు. తన ఆఫీసులోవాళ్లు కూడా అట్లా నొక్కుతారని మాత్రం చెప్పింది. అవి తీసేయడానికే మధ్యాహ్నం దాటింది. వైరస్‌ను ఏరేసే ఒక చిన్న ప్రోగ్రాం పెట్టి, అది మొత్తం వెతికేదాకా ఇద్దరం ఎదురు చూస్తూ కూర్చున్నాం. స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత గోరంత గోరంత కదులుతోంది. గదిలో మేమిద్దరమే. ఇంకెప్పుడూ అడగలేననిపించి, అడిగేశాను.

"మేడం, మొన్న ఎండకాలం నీళ్ల గురించి నేనన్న మాట మీరు విన్నరు. తప్పయింది. గప్పట్నుంచి మీ మొకం చూడలేకపోతున్న."

ఆమె గీత మీంచి చూపు తిప్పకుండానే అంది. "ఆ రోజు ఏడుపొచ్చిందండీ, అబద్ధం ఎందుకు? పైకెళ్లి మా ఆయనతో ఇల్లు మారిపోదామన్నాను. తర్వాత ఆలోచిస్తే మీరన్నదాంట్లో నిజం కూడా ఉందనిపించింది. మా ఊళ్లో ఇంటి ముందే కాలువ. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని నేనెప్పుడూ అనుకోలేదు." తర్వాత నా వైపు తిరిగింది. "మేడం అనకండి అక్కా. ఆఫీసులో కూడా నన్నెవరూ మేడం అనరు."

ఆ రోజు నుంచి నేనామెను చెల్లె అన్నాను.

ఆమె తన ఆఫీసులో పదిమందిని అడిగి మూడు యాంటీవైరస్‌ల పేర్లు రాసుకొచ్చింది. ఒక్కోటి కొన్నాళ్లు ఊరికే వాడి చూడొచ్చట. మొదటిది చాలా పేరున్నది. అది వేశాక కంప్యూటర్ ఆన్ చేసి, పొయ్యి మీద చాయ్ పెట్టి, అది పొంగి, వడబోసుకుని తెచ్చుకున్నా ఇంకా తెరుచుకునేది కాదు. రెండు రోజులకే తీసేశాం. రెండోది ఉచితం, తేలిక. పెన్‌డ్రైవ్ పెట్టగానే టింగుమని మోగి మొత్తం వెతికి, ఫరవాలేదని చెప్పేది. హమ్మయ్య, ఇదే మనకు తగినది అనుకున్నాం. ప్రెస్సు అన్న కూడా మళ్లీ పని ఇచ్చాడు.

నాలుగో రోజు జన్వాడ నుంచి ఒక పెండ్లిపిల్ల తండ్రి వచ్చాడు. కార్డు అచ్చుకు పోకముందు ఒకసారి చూసుకుంటానంటే ప్రెస్సువాళ్లే మా ఇంటికి పంపారు. సాయంత్రానికి కార్డు ప్రెస్సుకు చేరాలి. స్క్రీన్ మీద మొత్తం చదివి ఆయన ఒక్క మార్పే చెప్పాడు.

"ఆశీస్సులల్ల మా అవ్వ పేరు మర్శిన బిడ్డా. అందరికంటె ముందట రావాలె. తొంబై ఏండ్ల మనిషి. మనుమరాలి కార్డు మీద తన పేరు చూస్తనని కూసున్నది."

ఎంతసేపు పని? అక్కడికి పోయి ఆ ముసలామె పేరు కొట్టాను. పేరు పడలేదు. ఒక కొమ్ము, సగం ఒత్తు, ఏదో ఇంగ్లీషు గుర్తు, మళ్లీ ఒక కొమ్ము పడ్డాయి. నా వేళ్లే తప్పాయేమో అని మళ్లీ కొట్టాను. అవే ముక్కలు. అంతకుముందు కొట్టినదంతా చక్కటి తెలుగులో ఉంది, కొత్తగా ఒక్క అక్షరం కూడా రావడం లేదు. వెతికితే నా కీబోర్డు ప్రోగ్రామే లేదు. ఉండాల్సిన చోట ఖాళీ.

అన్న ఇచ్చిన సీడీ గీతలు పడి ఎప్పుడో పాడైపోయింది. ప్రెస్సులో ఉన్న కాపీ వైరస్‌తోనే పోయింది. పదకొండు పెళ్లిళ్ల కార్డులు నా దగ్గర ఉన్నాయి. పెద్దాయన మాత్రం తల్లి పేరు ఎప్పుడొస్తుందా అని స్క్రీన్ వైపే చూస్తున్నాడు.

"చెల్లెకు ఫోన్ చెయ్యి" అంది అత్తమ్మ.

"ఆఫీసుల ఉంటది. పనిల ఉంటది."

"ఉంటె ఉన్ననంటది. చేసి చూడు జర."

చేశాను. ఆమె ఎత్తింది. గొంతు తగ్గించి, ఒక్క నిమిషం ఉండమని, ఏదో గదిలోంచి బయటికి వచ్చింది. నేను ఏడుపు ఆపుకుంటూ జరిగింది చెప్పాను.

"కంగారు పడకక్కా. కింద కుడిచేతి వైపు మూలలో యాంటీవైరస్ చిన్న బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కు. ఒక పట్టిక వస్తుంది. అందులో క్యూ అక్షరంతో మొదలయ్యే పెద్ద మాట ఉందా?"

నేను తెలుగు మీడియంలో చదివినదాన్ని. ఒక్కో అక్షరం చదివి వినిపించాను. క్యూ, యు, ఏ, ఆర్...

"అదే. క్వారంటైన్. దాన్ని తెరువు. లోపల ఏదైనా ఉందా?"

ఉంది. నా కీబోర్డు ప్రోగ్రాం పేరు, పక్కన ఎర్ర గుర్తు.

"దొరికిందక్కా! అది చంపలేదు. వేరే గదిలో పెట్టి తాళం వేసింది, అంతే. మనం విడిపించవచ్చు."

నాకు అప్పటిదాకా తెలియని ఆ పొడవాటి మాట విని నేనంత సంతోషపడతానని ఎవరనుకుంటారు? ఆమె చెప్పినట్టు నొక్కితే ప్రోగ్రాం తిరిగొచ్చింది. కానీ నేను ఒక అక్షరం కొట్టానో లేదో, టింగుమని యాంటీవైరస్ దాన్ని మళ్లీ పట్టుకుపోయింది. ఆ టింగు ఆమెకు ఫోన్లో వినిపించింది.

"సరే. నెట్ తీగ పీకేయ్. పెన్‌డ్రైవ్ ముట్టుకోకు. ఇప్పుడు యాంటీవైరస్‌నే ఒక గంట ఆపుదాం. తర్వాత కీబోర్డును మళ్లీ విడిపించి ఆ గంటలో పేరు కొట్టెయ్. అది మళ్లీ మేలుకున్నాకే పెన్‌డ్రైవ్ పెట్టు. సరేనా?"

ఆ గంటలో జన్వాడ ముసలామె పేరు కార్డు మీదకు ఎక్కింది. పెద్దాయన అద్దం మీద వేలు పెట్టి తల్లి పేరు కూడబలుక్కుని చదివాడు. అత్తమ్మ ఇచ్చిన చాయ్ అప్పటికే చల్లారిపోయింది, అయినా తాగాడు. పోతూ పోతూ, "ఫోన్ల మాట్లాడిన బిడ్డ ఎవలు?" అని అడిగాడు. మా చెల్లె అని చెప్పాను.

శనివారం పొద్దున ఆమె వచ్చి సంగతేమిటో విడమరిచి చెప్పింది. నేను ఒక మీట నొక్కగానే ఆ ఇంగ్లీషు అక్షరాన్ని మధ్యలోనే పట్టుకుని తెలుగు అక్షరంగా మార్చి పంపడం నా ప్రోగ్రాం పని. జనం నొక్కే ప్రతి మీటనూ పట్టుకుని పాస్‌వర్డులు దొంగిలించే దొంగ ప్రోగ్రాంలు కూడా మధ్యలో అక్కడే కూర్చుంటాయట.

"పాపం, కొత్త అప్‌డేట్ వచ్చాక దానికి తేడా తెలీలేదక్కా. నీ తెలుగును చూసి దొంగ అనుకుంది."

మూడోది వేసి చూశాం. అదీ అంతే, నా కీబోర్డును పట్టుకుంది. నేను నీరసపడ్డాను. యాంటీవైరస్ ఉంటే తెలుగు లేదు, తెలుగు ఉంటే యాంటీవైరస్ లేదు. ఈ కీబోర్డును వదిలేయమని దానికి చెప్పి పెట్టే వీలుందని, ప్రస్తుతానికి అట్లా చేద్దామని ఆమె అంది. "కానీ అది తాత్కాలికం. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ పట్టుకోవచ్చు. తయారుచేసినవాళ్లకే చెప్దాం. తప్పు దొరికితే తయారుచేసినవాళ్లకు చెప్పడమే కదా నా ఉద్యోగం."

ఆమె ఆఫీసులోకి పెన్‌డ్రైవ్ తీసుకుపోనివ్వరు. మా ఇంటి నెట్ మీద ఫైలు పోదు. అందుకని ఇద్దరం నడుచుకుంటూ మొయినాబాద్ సెంటర్‌లో ఉన్న నెట్ సెంటర్‌కు పోయాం. ఆ రోడ్డు మీద ఆమె అంత దూరం నడవడం అదే మొదటిసారట. కారులో పోవడమే తప్ప పక్కనున్న కొట్లు కూడా ఎప్పుడూ చూడలేదంది. దారిలో మిర్చి బజ్జీలు కొనుక్కున్నాం. నెట్ సెంటర్‌లో రెండు కంపెనీలకూ ఉత్తరం రాయడానికి కూర్చుంది.

"ఈ ప్రోగ్రాం లేకపోతే ఏమవుతుందో నువ్వు చెప్పు అక్కా. నువ్వు చెప్పిందే రాస్తాను."

"ఇది లేకుంటె నాకు తెలుగు కొట్టరాదు. పదకొండు పెండ్లిళ్ల కార్డులు ఆగిపోతయి. ఇది దొంగ గాదు, నేను టైపు నేర్చుకున్న కాన్నుంచి నా చేతి ఏళ్లకు అలవాటైన అక్షరాలు ఇవి, అని రాయి."

ఆమె ఒక్క మాట కూడా తీసేయకుండా ఇంగ్లీషులో రాసింది. కింద నా పేరే పెట్టింది. నా కీబోర్డు ప్రోగ్రాంను జతచేసి పంపింది.

తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. పెద్ద పెద్ద కంపెనీలవాళ్లు, మొయినాబాద్‌లో పెళ్లికార్డులు కొట్టుకునే మనిషికి ఎందుకు జవాబిస్తారని నేను ఆశ వదులుకున్నాను. పదో రోజు సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి వచ్చీ రాగానే, మెడలో కార్డు కూడా తీయకుండా మా గుమ్మంలోకి వచ్చింది. ఒక కాగితం మీద జవాబు అచ్చు తీసుకొచ్చింది. మూడో కంపెనీ నుంచి. అత్తమ్మ, మా ఆయన, నేను చుట్టూ నిలబడితే ఆమె తెలుగులో చెప్పుకుంటూ చదివింది.

మీరు పంపిన ప్రోగ్రాంను పరీక్షించాం, అందులో హాని ఏమీ లేదు, పొరపాటు మాదే, క్షమించండి, రేపటి అప్‌డేట్ నుంచి అది మీ కీబోర్డును పట్టుకోదు, ఇట్లాంటివే ఇంకేమైనా భారతీయ భాషల ప్రోగ్రాంలు మీకు తెలిస్తే పంపండి. చివర్లో ఇంకో వాక్యం ఉంది. ఆ పదకొండు పెళ్లిళ్లూ బాగా జరగాలని కోరుకుంటున్నాను.

కింద ఉన్న పేరు ఆడమనిషిదో మగమనిషిదో, ఏ దేశంవాళ్లదో కూడా మాకు తెలియలేదు. మా ఆయన కాగితం తీసుకుని తనకు రాని ఇంగ్లీషును కూడా ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు.

రెండో కంపెనీ నుంచి జవాబే రాలేదు. ఆ వారాంతం ఏది ఉంచుకోవాలనే మాట వచ్చింది. రెండోది ఉచితం. మూడోది ఏడాదికోసారి కొనాలి. మిగతా అన్నింట్లో రెండూ ఒకటేనని, తేల్చుకోవాల్సింది మేమేనని చెల్లె అంది. నేను అటూ ఇటూ ఆలోచిస్తుంటే, ముల్లంగి తరుగుతున్న అత్తమ్మ మధ్యలో వచ్చింది.

"గీ మూడోడు పిలిస్తె పలికిండు గద. తప్పయిందని గూడ అన్నడు. ఇంకేం కావాలె?"

అదే కొన్నాం. మర్నాడు అప్‌డేట్ అయ్యాక, చెల్లె పక్కన నిలబడి ఉండగా, వదిలేయమని పెట్టిన గుర్తు తీసేసి కీబోర్డు తెరిచాను. టింగుమనలేదు. నేను 'క' కొట్టాను. 'క' పడింది.

ఆ మాఘంలో ఒక్క కార్డు కూడా ఆలస్యం కాలేదు. ప్రెస్సు అన్న కూడా అదే యాంటీవైరస్ వేయించుకున్నాడు. తర్వాత మెల్లగా చుట్టుపక్కల ఇళ్లల్లో కంప్యూటర్లు వచ్చాయి, వాళ్లంతా నన్ను అడగడం మొదలుపెట్టారు, ఏది వేయించాలె అక్కా అని. నేను పేరు చెప్పేదాన్ని కాదు. ముందు నోటుబుక్కు తీసి, దాంతో దినాం ఏమేం చేస్తారో చెప్పమనేదాన్ని. తెలియని సంగతి వస్తే నాకు తెల్వదు, తెల్సుకొని చెప్త అనేదాన్ని. అట్లా అంటే జనం తక్కువగా చూస్తారేమో అనుకున్నాను గానీ, ఎవరూ చూడలేదు. నమ్మకమే పెరిగింది.

రెండేళ్లకు చెల్లెవాళ్లు మోకిలలో సొంత ఇల్లు కట్టుకున్నారు. సామాను వ్యానుకు ఎక్కిస్తున్న రోజు మేమిద్దరం ఖాళీ అయిన పైగదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఎన్నాళ్ల నుంచో అడగాలనుకున్నది అడిగాను. మొదటిసారి మా అత్తమ్మ పైకి వచ్చినప్పుడు పని ఉందని చెప్పి తప్పించుకోవచ్చు గదా, అన్ని శనివారాలు మాకెందుకు ఇచ్చావు అని.

ఆమె కాళ్లు చాపుకుని నా వైపు తిరిగింది.

"ఆఫీసులో రోజంతా తప్పులు వెతుకుతాను అక్కా. వెతికి రాసి పంపుతాను. తర్వాత అది ఎవరికి ఉపయోగపడిందో, అసలు ఉపయోగపడిందో లేదో ఎప్పటికీ తెలీదు. ఇక్కడ ఆ జన్వాడ మామ్మ పేరు కార్డు మీద పడిందని నువ్వు ఫోన్ చేసి చెప్పావు చూడు, ఆ రోజు ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను." నవ్వింది. "ఇంకోటి కూడా ఉంది. పిన్నిగారు గోంగూర తెచ్చారు కదా. ఈ ఊరొచ్చాక మా గుమ్మం దాకా వచ్చిన మొదటి మనిషి ఆవిడే."

కింద నుంచి వ్యాను హారన్ మోగింది. ఆమె లేచి చీర దులుపుకుంది. నేను మిగిలిపోయిన చాటా చీపురూ పట్టుకుని ఆమె వెనకే మెట్లు దిగాను. అత్తమ్మ అప్పటికే వ్యాను దగ్గర నిలబడి, గ్యాస్ పొయ్యిని పరుపుల మధ్య పెట్టమని డ్రైవర్‌తో పోట్లాడుతోంది.